ఆరడుగుల పాత లేతు: పట్టేసిన డాగ్ చక్ ఊడటం లేదు, దారి చెప్పండి

వైనతేయ గట్టు:

అందరికీ నమస్కారం. నా దగ్గర బెల్టుతో నడిచే ఆరడుగుల పాత లేతు (ఇనుప ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) ఉంది. దాని స్పిండిల్ (తిరిగే ఇరుసు) మీద 10 అంగుళాల డాగ్ చక్ (నాలుగు జాలతో, అంటే దవడలతో, ముక్కను పట్టుకునే భాగం) మరతో ఎక్కి ఉంది. 22 రోజులుగా దాన్ని విప్పాలని చూస్తున్నాను. స్పిండిల్‌తో కలిసి పుట్టినట్టు కూర్చుంది.

కాస్త వెనక నుంచి చెబుతాను, లేకపోతే మీరు అడిగే ప్రతి ప్రశ్నకూ మళ్ళీ రాయాల్సి వస్తుంది. కువైట్‌లో 16 ఏళ్ళు పైపు ఫిట్టరుగా చేసి మూడేళ్ళ కిందట ఊరికి వచ్చేశాను. మాది కోనసీమ, వైనతేయ గట్టుకు అరకిలోమీటరు. చుట్టూ రొయ్యల చెరువులు. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకు షాఫ్టులూ బుష్‌లూ ఉప్పునీటికి ఊరికే అరిగిపోతాయి. బుష్ ఒక్కటి తిప్పించాలంటే రాజోలో అమలాపురమో పట్టుకెళ్ళాలి, అక్కడ వరుసలో రెండు రోజులు ఆగాలి. రొయ్యలు ఆగవు కదా. రాత్రి గాలి అందకపోతే తెల్లవారేసరికి నీటి మీద తేలుతాయి. అందుకని సొంతానికి ఒక లేతు ఉండాలని పట్టుబట్టాను.

మూతపడిన ఒక రైసు మిల్లులో సామాను తూకానికి అమ్ముతున్నారని తెలిసి వెళ్ళాను. షెడ్డులో ఒక మూల, గోనెసంచుల కింద, ఇది. పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. హెడ్‌స్టాక్ (స్పిండిల్‌ను మోసే పెట్టె) పోతలోనే వచ్చిన అక్షరాల్లో ‘బటాలా’ (లేతులు చేసే పంజాబు ఊరు) అన్న మాట ఒక్కటే చదవగలిగాను. ఎనిమిది వందల కిలోల పైచిలుకు తూగింది. ట్రాక్టరు మీద తెచ్చి, తాటి దుంగల మీద దొర్లించి షెడ్డులోకి చేర్చడానికి ఆరుగురం ఒక పూటంతా పడ్డాం.

మిల్లు గోడ మీద 1986 ఆగస్టు వరద గీత ఇంకా ఉంది. దాని ఎత్తు చూస్తే లేతు బెడ్ (కింద ఉండే పొడవాటి పోత దిమ్మ) దాకా నీళ్ళు వచ్చి ఉంటాయి. తర్వాత కడిగి మళ్ళీ వాడారట. 1996 నవంబరు తుపానుకు షెడ్డు రేకులు ఎగిరిపోయాక ఇక ఎవరూ ముట్టలేదని అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. ఏప్రన్ (టూలును జరిపే బండి ముందున్న పెట్టె) విప్పితే లోపల ఒండ్రుమట్టి పెంకులా ఎండి ఉంది. గోరుతో గిల్లితే పలకలుగా ఊడింది.

ఇంతవరకూ చేసినవి: డీజిలు, బ్రేక్ ఆయిలు కలిపి ఎనిమిది రోజులు పోశాను. చక్ జాల మధ్య మందపాటి ఇనుప బద్ద బిగించి, దానికి నాలుగడుగుల పైపు తొడిగి, స్పిండిల్ తిరగకుండా బిగించి, ఇద్దరం వేలాడాం. సుత్తితో కొట్టాం. మొదటి రెండు రోజులు ఎటు తిప్పామో కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేను. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు, మా రేకుల షెడ్డులో మధ్యాహ్నం బెడ్ మీద చెయ్యి పెట్టలేకపోయాను. చక్ మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

అడగదలచినవి ఇవి. ఎటు తిప్పాలి? గ్యాసు మంట పెట్టవచ్చా, పోత ఇనుము పగులుతుందా? ఇంకేదైనా ఉపాయం ఉందా? అసలు చక్ ఎందుకు విప్పడం అంటారేమో: స్పిండిల్ బుష్ అరిగింది, స్పిండిల్ బయటికి తీయాలి, చక్ ఉండగా అది రాదు.

పాత ఇనుము:

ఇందులో ఆలోచించడానికి ఏముంది? గ్రైండరుతో బ్యాక్ ప్లేటు (చక్‌ను స్పిండిల్‌కు కలిపే వెనక పళ్ళెం) మెడను నిలువునా మరల దాకా కోయండి, ఆ గాడిలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ. చీలిపోతుంది. గంట పని. బ్యాక్ ప్లేటు కొత్తది చేయించుకోవచ్చు. నేను ఇలా మూడు తీశాను.

వైనతేయ గట్టు:

మీ మూడింటిలో ఎన్నింటికి స్పిండిల్ మరలు కూడా తెగాయో చెప్పలేదు! కొత్త బ్యాక్ ప్లేటుకు లోపల మరలు కోయడానికి ఇంకో లేతు కావాలి. ఆ ఇంకో లేతు రాజోలులో ఉంది. అదే కదండీ నా బాధ. కోత ఆఖరి దారిగా ఉంచుకుంటాను.

మెషిన్ షాపు మేడమ్:

నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠం చెబుతాను. వేడి గురించి అడిగారు కాబట్టి అది వివరంగా రాస్తాను.

ముందు దిశ. ఇది మామూలు కుడి మర. టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురుగా రెండో కొసన ఉండే భాగం) వైపు నిలబడి చక్ ముఖం చూస్తే, గడియారం ముల్లుకు ఎదురుగా తిరగాలి. పనిచేసేవారు నిలబడే చోట నుంచి చూస్తే చక్ పైభాగం మీ వైపు రావాలి. లేతు మామూలుగా తిరిగేదీ అటే. కోత పడేటప్పుడు పని వెనక్కి ఆపుతుంది కాబట్టి చక్ రోజురోజుకూ ఇంకా బిగుస్తుంది. పదేళ్ళు బరువు కోతలు కోసిన లేతులో చక్ తుప్పు లేకుండానే గట్టిగా కూర్చుంటుంది. దానికి తుప్పు తోడైతే చెప్పనక్కర్లేదు. ఇనుము తుప్పుగా మారితే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, మరల మధ్య ఉన్న కాస్త సందులో మేకు దిగ్గొట్టినట్టు అవుతుంది.

ఇప్పుడు వేడి. మీ స్పిండిల్ ముక్కు 50 మిల్లీమీటర్లు అనుకుందాం. బ్యాక్ ప్లేటును 100 డిగ్రీలు వేడెక్కిస్తే ఆ రంధ్రం దాదాపు 0.05 మిల్లీమీటరు పెద్దదవుతుంది. తల వెంట్రుక మందం కూడా కాదు, కానీ అంత చాలు. అసలు చిక్కు ఎక్కడంటే, లోపలి ఉక్కు స్పిండిల్ కూడా వేడెక్కితే అదీ దాదాపు అంతే ఉబ్బుతుంది, మీ శ్రమ వృథా. మీ షెడ్డులో ఎండకు జరిగింది అదే, మొత్తం లేతు కలిసి వేడెక్కింది. కాబట్టి పైభాగాన్ని త్వరగా వేడిచేయాలి, లోపల చల్లగా ఉంచాలి. స్పిండిల్ బోలుగా ఉంటుంది కదా, ఐసు నీళ్ళలో తడిపిన గుడ్డను కర్రకు చుట్టి లోపలికి దూర్చండి. మంట ఒక్కచోట నిలపకుండా మెడ చుట్టూ తిప్పుతూ ఉండండి. కాలిన పోత ఇనుము మీద మాత్రం నీళ్ళు చల్లవద్దు. పగుళ్ళు వచ్చేది అప్పుడే.

ఎంత వేడి చాలో తెలియడానికి మైనపు కొవ్వొత్తి వాడండి. స్పిండిల్, బ్యాక్ ప్లేటు కలిసే గీత దగ్గర కొవ్వొత్తి ఆనిస్తే, వేడి సరిపోతే మైనం కరిగి ఆ సందులోకి దానంతటదే పీల్చుకుపోతుంది. చల్లారాక అది కందెనగా కూడా పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. ఎనిమిది రోజులు డీజిలు పోశారు. దాని మీద మంట పెడితే చక్ కంటే ముందు షెడ్డు అంటుకుంటుంది. సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, ఒక రోజు ఆరనిచ్చాకే మొదలుపెట్టండి. పొడి ఇసుక బకెట్టు పక్కన ఉండాలి.

పాత టర్నరు:

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అందులో ఒక సంగతి దాటవేశారు. ‘స్పిండిల్ తిరగకుండా బిగించి’ అని రాశారు. దేనితో బిగించారు? కోన్ పుల్లీ (మెట్లుమెట్లుగా ఉండే బెల్టు చక్రం) పిన్ను వేసి, బ్యాక్ గేరు (వేగం తగ్గించే పళ్ళ చక్రాలు) కూడా కలిపి ఉంటారు. అదే అయితే ముందు వెళ్ళి బ్యాక్ గేరు పళ్ళు లెక్కపెట్టుకోండి. పోత ఇనుప పన్ను మెల్లగా పడే బరువు మోస్తుంది, దెబ్బ మోయదు. అందులోనూ భారమంతా ఒక్క పన్ను మీద, మహా అయితే రెండింటి మీద. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళలో ఏటా ఒకడైనా ఈ తప్పు చేసేవాడు. మొదటి ఏడు నేనూ చేశాను. మా మేస్త్రి వారం రోజులు నాతో మాట్లాడలేదు, టీ మాత్రం నాతోనే తెప్పించుకున్నాడు.

రాజమండ్రిలో 34 ఏళ్ళు లేతు మీదే నిలబడ్డాను. వాటిలో సగానికి పైగా బటాలా లేతులు, కొన్ని రాజ్‌కోట్‌వి. మీదాని ముఖం చూడకపోయినా దాని గుణం తెలుసు.

నాకు అనుమానంగా ఉన్నది వేరే. తుప్పుతో పట్టేసిన చక్ ఎంతో కొంత జవాబిస్తుంది. డీజిలు తాగాక, నాలుగడుగుల పైపుకు ఇద్దరు వేలాడాక, కిర్రుమనాలి, ఒక నూలు కదలాలి, కనీసం కీలు దగ్గర ఎర్రటి పొడి రాలాలి. మీది ఏదీ చేయలేదు. పైగా వరద తర్వాత పదేళ్ళు నడిచిందని మీరే రాశారు. కడిగి మళ్ళీ వాడుకున్నవాళ్ళు చక్ విప్పకుండా కడిగి ఉండరు. కాబట్టి 1986 నాటి తుప్పు కాదిది. ఎవరో కావాలని ఆపి ఉంచారు.

ఎందుకు ఆపుతారంటారా? మీ లేతు లీడ్ స్క్రూ (మర కోసేటప్పుడు టూలున్న క్యారేజీని జరిపే పొడవాటి మర కడ్డీ) అంగుళాల లెక్కలోది అయి ఉంటుంది. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 నుంచి దశలవారీగా వచ్చాయి, యంత్రాలు మాత్రం చాలాకాలం అంగుళాల్లోనే మిగిలాయి. అంగుళాల లీడ్ స్క్రూ మీద మిల్లీమీటరు మర కోయాలంటే మధ్యలో హాఫ్ నట్ (క్యారేజీని లీడ్ స్క్రూకు పట్టించే నట్టు) వదలకూడదు. వదిలితే మళ్ళీ అదే గాడిలో టూలు పడదు. ప్రతి కోత చివర టూలు వెనక్కి లాగి, మోటారును ఎదురు తిప్పి, క్యారేజీని మొదటికి తెచ్చుకోవాలి. ఎదురు తిప్పినప్పుడల్లా మర మీద కూర్చున్న చక్ వదులయ్యే ప్రమాదం ఉంది. పాతిక ముప్పై కిలోల చక్ తిరుగుతూ ఊడి బెడ్ మీద పడితే ఏమవుతుందో ఒకసారి చూశాను, మళ్ళీ చూడాలని లేదు. అందుకని మిల్లు మెకానిక్కులు బ్యాక్ ప్లేటు మెడకు అడ్డంగా ఒక రంధ్రం వేసి, మర కోసి, తల లేని చిన్న స్క్రూ దిగ్గొట్టేవారు. దాని కొన స్పిండిల్ మరల మీద కూర్చుంటుంది. ఆ తర్వాత ఇంకెవరో రంగు వేసేటప్పుడు గుంట కనబడకుండా లప్పం పెట్టి పూసేస్తారు. ఇక దేవుడికే తెలియాలి అక్కడ స్క్రూ ఉందని.

బ్యాక్ ప్లేటు మెడ చుట్టూ రంగు గీకండి. కత్తితో కాదు, ఇత్తడి బ్రష్షుతో. నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతూ చూడండి. గుండ్రటి మచ్చ కనిపిస్తే ఇక్కడ రాయండి. కనిపించకపోతే మేడమ్ గారు చెప్పిన వేడి దారిలో వెళ్ళండి, అదీ సరైనదే. కాకపోతే మంటను హెడ్‌స్టాక్ వైపు పోనివ్వకండి, అక్కడ గన్‌మెటల్ బుష్‌లు, వాటి నూనె ఉన్నాయి. మధ్యలో తడి గోనెగుడ్డ అడ్డం కట్టండి.

ఆ బ్యాక్ గేరు మళ్ళీ కలపవద్దు. స్పిండిల్ పట్టుకోవడానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి. తుమ్మ దిమ్మలు రెండు తీసుకుని కోన్ పుల్లీ పెద్ద మెట్టు చుట్టూ పట్టేలా అర్ధచంద్రాలు కోయించండి. లోపల పాత సైకిలు ట్యూబు అతికించండి. రెండు బోల్టులతో బిగిస్తే పట్టకారులా పడుతుంది. ఒక దిమ్మ పొడుగ్గా ఉంచి, దాని కొన నేలకు ఆనేలా పెడితే స్పిండిల్ ఎటూ పోదు. గేరు పళ్ళ మీద బరువు పడదు.

వైనతేయ గట్టు:

గురువుగారూ, లెక్కపెట్టాను. ఒకటి తక్కువ. సుత్తితో కొట్టిన రోజే ‘టక్’ మని చప్పుడైంది, చక్ కదిలిందని సంతోషించాం కూడా. అడుగున గ్రీజులో పన్ను ముక్క దొరికింది, చింతగింజ అంత ఉంది. ఇక్కడ రాయడానికి సిగ్గేసి వదిలేశాను. తిట్టండి.

ఇక మచ్చ సంగతి. నిన్న సాయంత్రం కరెంటు పోయింది. ఫోను లైటు వెలుగులో ఇత్తడి బ్రష్షు పట్టుకుని కూర్చున్నాను. మూడు పొరల రంగు: పైన బూడిద, కింద ఆకుపచ్చ, అన్నిటికన్నా కింద నలుపు. ముప్పావు చుట్టు దాకా ఏమీ లేదు. ఆ తర్వాత, రెండు జాల మధ్య, చూపుడువేలు గోరంత గుండ్రటి మరక. చుట్టూ నలుపు, అక్కడ తెలుపు. మా అమ్మ బస్తాలు కుట్టే దబ్బనం తెచ్చి పొడిస్తే సుద్దలా రాలింది. లప్పమే! దాని కింద ఎర్రటి పొడి, పొడి కింద గుండ్రటి ఇనుము, దాని నడుమ ఒక గాడి. దబ్బనం మొనతో ఆ గాడి పొడవునా గీస్తూ శుభ్రం చేయడానికి గంట పట్టింది. ఊపిరి బిగబట్టి చేశాను, మా అమ్మ పక్కన నిలబడి ‘పంటి డాక్టరు పని చేస్తున్నావు’ అంది.

పెద్ద స్క్రూడ్రైవరు గాడిలో పెట్టి, దాని పలకల భాగానికి పానా తగిలించి తిప్పబోయాను. గాడి అంచు ఒకటి నలిగింది, భయపడి ఆపేశాను. ఇప్పుడేం చేయాలి?

పాత టర్నరు:

ఆపడం మంచి పని చేశారు. నలిగిన గాడిని బలవంతం చేస్తే ఇక ఆ స్క్రూను డ్రిల్లుతో తినిపించాలి. అది కాగితం మీద రాయడం తేలిక, ఇనుము మీద చేయడం కష్టం.

గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరు లేకపోతే పాత ఆకురాయి తోక విరిచి, కొనను గాడి వెడల్పుకు రుద్దుకోండి. వదులు ఉండకూడదు. గాడిలో పెట్టి ముందు తిప్పకండి, పైనుంచి చిన్న సుత్తితో పది పదిహేను దెబ్బలు వేయండి. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. ఆ అదురుకు స్క్రూ మరల్లో పట్టిన తుప్పు చిట్లుతుంది. తర్వాత ముందు బిగించే వైపు ఒక నూలు, ఆ తర్వాత విప్పే వైపు. మళ్ళీ బిగించే వైపు. అలా ఊపుతూ రండి. అప్పటికీ రాకపోతే బ్యాక్ ప్లేటును మేడమ్ గారు చెప్పినట్టు ఆ ఒక్క చోటే కాస్త వెచ్చబెట్టండి.

పన్ను గురించి తిట్టను. మీరు ముక్క పారేయకుండా దాచారా లేదా?

కాలువ లాకు:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నా లేతు టెయిల్‌స్టాక్‌లో డెడ్ సెంటరు (ముక్క కొనను ఆపి పట్టే, తిరగని మొన) ఇరుక్కుంది, పైపు పానాతో లాగితే గీతలు పడ్డాయి కానీ రాలేదు. దీనికి కూడా వేడి పనిచేస్తుందా?

పాత టర్నరు:

టెయిల్‌స్టాక్ చక్రాన్ని ఎదురు తిప్పి బ్యారెల్‌ను (సెంటరు కూర్చునే గొట్టం) పూర్తిగా లోపలికి లాగండి. లోపలి స్క్రూ కొన సెంటరు వెనక తగిలి అదే బయటికి తోస్తుంది. చివర్లో చక్రం బరువెక్కుతుంది, అక్కడ ఆగకుండా ఇంకో పావు చుట్టు వేయండి. చాలామంది అక్కడే భయపడి ఆగి, పైపు పానా అందుకుంటారు. అది పని చేయకపోతే కొత్త ప్రశ్నగా వేయండి, ఈ బాబు చక్ అయ్యాక చూద్దాం.

వైనతేయ గట్టు:

వచ్చింది! మొత్తం రాస్తాను, నాలాంటివాళ్ళకు పనికొస్తుంది.

స్క్రూ మూడో విడతకు లొంగింది. తట్టడం, ఊపడం, తట్టడం. రెండో విడతలో వేళ్ళకు ఒక మెత్తదనం తగిలింది, స్క్రూడ్రైవరు కాస్త జారినట్టు. గాడి పోయిందేమోనని గుండె ఆగింది. చూస్తే గాడి అలాగే ఉంది, స్క్రూనే కదిలింది. బయటికి తీస్తే ముప్పావు అంగుళం పొడవు, కొన సూదిలా చెక్కి ఉంది. ఆ మెకానిక్ ఎవరో గానీ కొనకింద రాగి ముక్కో సీసం ముక్కో వేయలేదు, తిన్నగా స్పిండిల్ మరలోకే దించేశాడు.

స్క్రూ వచ్చేస్తే చక్ ఊడి చేతిలో పడుతుందనుకున్నాను. పడలేదు. తుమ్మ దిమ్మల పట్టకారు మా ఊరి వడ్రంగి చేసిపెట్టాడు. ‘ఇది ఏ దేవుడి పీటండీ’ అని అడిగాడు. చక్‌ను సబ్బునీళ్ళతో కడిగి రెండు రోజులు ఆరబెట్టాను. బెడ్ మీద మందపాటి చెక్క, దాని మీద మడతపెట్టిన గోనెసంచులు పరిచాను, ఊడితే పడటానికి. హెడ్‌స్టాక్‌కు తడి గోనె కట్టాను. స్పిండిల్ బోలులో ఐసు గుడ్డ, అది చేపల ఐసు, షెడ్డంతా వాసన. గ్యాసు మంట మెడ చుట్టూ నాలుగు నిమిషాలు తిప్పాం. కొవ్వొత్తి ఆనిస్తే మైనం చటుక్కున సందులోకి పోయింది. మేడమ్ గారు రాసింది చదివినప్పుడు అంత నమ్మలేదు, కళ్ళతో చూస్తే ముచ్చటేసింది.

ఈసారి సుత్తి ముట్టలేదు. జాల మధ్య బద్ద బిగించి, మా తమ్ముడు రాగి ముక్కతో బ్యాక్ ప్లేటు అంచు మీద తడుతుండగా నేను బద్దను నా వైపు లాగాను. ‘టక్’. మళ్ళీ పన్ను విరిగిందనుకుని కళ్ళు మూసుకున్నాను. బ్యాక్ గేరు అసలు కలపనే లేదని అర సెకను తర్వాత గుర్తొచ్చింది. బద్ద జానెడు కిందికి దిగి ఉంది. మెడ దగ్గర సన్నని ఎర్రటి గీత, దాని వెంట పొడి.

అక్కడి నుంచి చేతులతోనే తిరిగింది, ఒక్కచోట గరగరమంటూ. స్క్రూ కొన దిగిన చోట మర మీద మొటిమలా ఇనుము లేచింది, అదే రాసుకుంటోంది. బలవంతం చేయకుండా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, డీజిలు చుక్కలు వేస్తూ తీశాం. స్పిండిల్ చల్లారాకే డీజిలు వేశాం మేడమ్ గారూ, కంగారుపడకండి. మరలు కొలిస్తే అంగుళానికి ఆరు. లోపలి గాడుల్లో ఎండిన ఒండ్రు ఉంది, అంటే వరద తర్వాత ఎవరూ దీన్ని విప్పలేదన్నమాట. ఆ ఒక్క లెక్క గురువుగారిది తప్పింది!

పాత టర్నరు:

తప్పింది, ఒప్పుకుంటున్నాను. విప్పకుండానే కడిగారంటే స్క్రూ వరదకు ముందునాటిదే అయి ఉంటుంది, వాళ్ళకూ అది ఊడి ఉండదు.

మొటిమను మూడు పలకల సన్న ఆకురాయితో మర వాలులోనే రుద్దండి, పక్క మరలు ముట్టుకోకుండా. బ్యాక్ ప్లేటు మళ్ళీ ఎక్కించేముందు మరలు, ఆనే ముఖం గుడ్డతో తుడవండి. ఇనుప రజను ఒక్క రేణువు ఇరుక్కున్నా చక్ వంకరగా తిరుగుతుంది. ఆ స్క్రూ మళ్ళీ పెట్టదలచుకుంటే కొనకింద రాగి ముక్క వేయండి. లప్పం మాత్రం పెట్టవద్దు.

పన్ను విషయం. అతికించడానికి ఇత్తడి వెల్డింగు ఒక దారి, కానీ ఆ వేడికి గేరు వంగే ప్రమాదం ఉంది. నేనైతే పన్ను మొదలు చదును చేసి, దాని వెడల్పు వెంట ఒకే వరుసలో మూడు రంధ్రాలు వేసి, మర కోసి, ఉక్కు స్టడ్లు మూడు బిగిస్తాను. పైకి మిగిలిన భాగాలను ఆకురాయితో పన్ను ఆకారానికి తెస్తాను. పక్కనున్న మంచి పన్ను మీద రేకు ముక్క పెట్టి అచ్చు తీసుకుంటే అదే కొలత. మూడు మేకుల్లా కనబడుతుంది, అందంగా ఉండదు, కానీ నేను అలా చేసిన గేరు ఒకటి నేను రిటైరయ్యేదాకా తిరిగింది.

వైనతేయ గట్టు:

అలాగే చేస్తానండి. ఇంకొక్కటి. చక్ జాలు నాలుగింటిలో మూడు కదులుతున్నాయి, నాలుగోది పట్టేసింది. దాని స్క్రూ గుంట నిండా తుప్పే. మళ్ళీ మంటేనా?

మెషిన్ షాపు మేడమ్:

అక్కర్లేదు. చక్ ఇప్పుడు విడిగా ఉంది కాబట్టి కరెంటుతో తుప్పు వదిలించవచ్చు. ప్లాస్టిక్ డ్రమ్ములో చక్ మునిగేంత నీళ్ళు పోసి, బట్టల సోడా వేయండి, 10 లీటర్లకు నాలుగైదు చెంచాలు. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు తీసుకోండి. ఋణ తీగ చక్‌కు, ధన తీగ పక్కన వేలాడదీసిన పాత ఇనుప రేకుకు. ఇవి తారుమారైతే చక్కే కరిగిపోవడం మొదలవుతుంది, రెండుసార్లు చూసుకోండి. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు పెట్టవద్దు, అందులోని క్రోమియం విషంగా నీటిలో కలుస్తుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, కాబట్టి గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా. రాత్రంతా ఉంచి, పొద్దున ప్లగ్గు తీసి, బ్రష్షుతో రుద్ది వెంటనే నూనె పూయండి. మన ఉప్పుగాలికి గంటలోనే మళ్ళీ ఎర్రబడుతుంది.

చార్జరు లేకపోతే మొలాసిస్ ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి వారం పది రోజులు నాననివ్వవచ్చు. చెరకు ఫ్యాక్టరీ దగ్గరివాళ్ళు అలా చేస్తారు. నెమ్మది, కానీ కాపలా అక్కర్లేదు. వాసన మాత్రం మీ చేపల ఐసును మరిపిస్తుంది.

వైనతేయ గట్టు:

చార్జరు ఉంది, ట్రాక్టరుది. డ్రమ్ము కొబ్బరిచెట్టు కింద పెట్టాను, ఋణ తీగ చక్‌కేనని మా తమ్ముడితో కూడా చూపించుకున్నాను. సన్నని బుడగలు వస్తున్నాయి, నీటి మీద గోధుమరంగు నురగ తేరుతోంది. ఎదురు చెరువు రైతు వచ్చి చూసి వెళ్ళాడు. ఏరేటర్ బుష్‌లు రెండు గట్టు మీద పెట్టి పోయాడు, లేతు ఇంకా నాలుగు ముక్కలుగా ఉందని చెప్పినా వినలేదు.